పిల్లల ‘వేడి–చల్లదనం’ కిట్: విశాఖ ఇంట్లో ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖలో ఒక బొమ్మల దుకాణంలో కొన్న ఈ కిట్ ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకని పెట్టె మీద ఉంది. లోపల మైనం బిళ్లలు, చిన్న కొబ్బరినూనె సీసా, ఐస్ అచ్చు, ప్లాస్టిక్ కప్పులు, 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటర్ ఉన్నాయి. థర్మామీటర్ చాలా బాగుంది. అంకెలు పెద్దవి, పాదరసం లేదు. మిగతావాటిని ఉన్నవి ఉన్నట్టు వాడితే పిల్లలకు సగమే అర్థమవుతుంది.

అసలు చిక్కు మైనంతోనే. గోరువెచ్చని నీళ్లలో కప్పు పెట్టమంటుంది సూచనల కాగితం. కొవ్వొత్తి మైనం కరగాలంటే 50 డిగ్రీలు దాటాలి, చాలా రకాలకు 60 దాకా కావాలి. మరిగిన నీళ్లు పోస్తే పల్చటి కప్పు మెత్తబడి వంగుతుంది. పైగా 60 డిగ్రీల నీళ్లు పసిచేతిని కొన్ని సెకన్లలోనే కాలుస్తాయి. మైనం పక్కనపెట్టి నెయ్యి తీసుకోండి. ఫ్రిజ్‌లో పేరిన నెయ్యి రెండు చెంచాలు చిన్న స్టీలు గిన్నెలో వేసి, 45 డిగ్రీల నీళ్లలో ఉంచితే చాలు. నీళ్లు మాత్రం పెద్దవాళ్లే పోయాలి. కరిగిన నెయ్యిలో గట్టి నెయ్యి ముక్క వేయండి, మునుగుతుంది. నీళ్లలో ఐసు ముక్క తేలుతుంది. ఎందుకని పిల్లలే అడుగుతారు.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. అరకులో చలికాలం సీసాలోనే గడ్డకట్టినా, విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లలాగే ఉంటుంది. అరగంటో గంటో ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఆ మాట కాగితంలో లేదు.

సముద్రపు తేమ ఉన్న ఊళ్లో తప్పక చేయాల్సిన ప్రయోగాన్నే కిట్ వదిలేసింది. స్టీలు గ్లాసులో రంగు నీళ్లు, ఐసు వేసి మూతపెట్టి, వంటింటి డిజిటల్ కాటా మీద ఉంచండి. కాసేపటికి బయట చుక్కలు పడతాయి, బరువు కొద్దిగా పెరుగుతుంది. గ్లాసు కారుతోందనే పిల్లలకు రంగులేని ఆ చుక్కలే జవాబు. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది, అక్కడ చేయకండి.

పంచదారను నీళ్లలో కలిపే ప్రయోగం తీసేయాలి. చన్నీళ్లలోనూ కలిసిపోతుంది కాబట్టి, వేడి వల్లే కరిగిందన్న పొరపాటు పిల్లల్లో నాటుకుంటుంది. దాని బదులు చెంచాడు ఇడ్లీ పిండి ఆవిరిమీద ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. నెయ్యి మళ్లీ పేరుకుంది, ఇడ్లీ మళ్లీ పిండి కాలేదు. వెనక్కి వచ్చే మార్పుకూ రాని మార్పుకూ తేడా చూపే ప్రయోగం కిట్‌లో ఒక్కటీ లేదు. మా దృష్టిలో పెద్ద లోటు ఇదే.

ఐస్ అచ్చును ముప్పావు వంతే నింపండి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అంచుదాకా పోసి మూత బిగిస్తే అచ్చు పగులుతుంది. థర్మామీటర్ విడిగా దొరికితే అదొక్కటే కొనుక్కోండి, మిగతా సరుకు వంటింట్లోనే ఉంది.