హారన్‌కు లేచిపోయిన ఫ్లెమింగోలు

పిల్లలకు పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూపిద్దామని తీసుకెళ్తే, కారు డ్రైవరు హారన్ కొట్టి వాటిని లేపేశాడు. రెండు వారాలైనా ఆ కోపం తగ్గక ఇది రాస్తున్నాను.

జనవరిలో ఒక శుక్రవారం రాత్రి సూళ్లూరుపేటలో దిగాం. లాడ్జి గది 1,400 రూపాయలు, శుభ్రంగానే ఉంది. మర్నాటికి ఒక ట్రావెల్స్ వాళ్లు కారుకు 3,800 తీసుకున్నారు. ఒక్క రోజులో ఐదు చోట్లు చూపిస్తామన్నారు. ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు వస్తున్నారు, నిదానంగా తిప్పమని ముందే చెప్పాం.

శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా వెళ్తుంది. లోతు తక్కువ కాబట్టి ఫ్లెమింగోలు రోడ్డు మీదికే కనిపిస్తాయి. పాప కిటికీకి ముఖం ఆనించి, "అమ్మా, అది తల తిరగేసి తింటోంది" అంది. నిజమే, ఆ పక్షి ముక్కును తలకిందులుగా ముంచి, నీళ్లు వడగట్టి తింటుంది. నాచులోనూ చిన్న చిన్న నీటి జీవుల్లోనూ ఉండే రంగే దాని ఈకలకు పడుతుందని చెబుతున్నాను. అంతలో "ఎగిరితేనే పిల్లలకు సరదా మేడం" అంటూ డ్రైవరు హారన్ మోగించాడు. గుంపంతా లేచిపోయింది.

"అన్నం తింటుంటే లేపేశాం" అని పాప ఏడుపు. తర్వాత నాలుగు చోట్లా పావుగంట మించి ఆపలేదు, ఏం చూశామో గుర్తు లేదు. అత్తగారు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం ఆటోకు 900 ఇచ్చి, దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టుకు మాత్రమే వెళ్లాం. 1976 నుంచి అది పక్షుల అభయారణ్యం. చెరువులో నీటి కడప చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లే. అక్కడి వాచర్ పిల్లల పక్కన గొంతుక్కూర్చుని, గుసగుసగా మాట్లాడితేనే చూపిస్తానన్నాడు. నాలుగేళ్లవాడు అంతసేపు గొంతు తగ్గించి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

ఒక గూటిలో పిల్ల తన తలంతా తల్లి గొంతులోకి దూర్చేసింది. "అమ్మ మింగేస్తోంది!" అని బాబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఆగు బాబూ, చూడు" అన్నాడు వాచర్. కాసేపటికి తల బయటికొచ్చింది, గుటక వేసింది. అప్పుడు వాడు వదిలిన ఊపిరి నాకు వినిపించింది. పక్క చెట్టు మీద నత్తగుల్ల కొంగలు. పెద్దవాటి ముక్కు మధ్యలో సందు ఉంటుంది, కొంగ పిల్లలకు ఉండదు. "తమ్ముడికి పళ్లు రానప్పటిలాగా" అని పాప తనే పోల్చుకుంది.

రెట్టల వాసనకు బాబు ముక్కు మూసుకుంటే, అవి పడిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువని వాచర్ చెప్పాడు. వ్యవసాయం మాట వినగానే అత్తగారికి హుషారొచ్చింది. చిన్నప్పుడు తమ పొలంలో కొంగలు దుక్కి వెంట నడిచిన సంగతి పిల్లలకు అరగంట చెప్పారు.

చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లు ఐదు చోట్ల ప్యాకేజీ తీసుకోకండి. ఒక్క చోటు, ఒక్క గూడు, రెండు గంటలు. బైనాక్యులర్లు తప్పనిసరి, కానీ పిల్లల కళ్ల మధ్య దూరానికి సరిపడేలా మడిచి ఇవ్వాలి. లేదంటే వాళ్లకు నల్లటి మచ్చలే కనిపిస్తాయి. మాకు దగ్గరలో తినడానికేమీ దొరకలేదు, సూళ్లూరుపేటలోనే ఇడ్లీలు కట్టించుకోండి.

ట్రావెల్స్ వాళ్లకు ఫోను చేసి హారన్ సంగతి చెబితే, వచ్చేసారి 500 తగ్గిస్తామన్నారు. వద్దన్నాను. ఆటో అతని నంబరు పాప తన డ్రాయింగు పుస్తకం అట్ట మీద రాసుకుంది.