కోకో తోటల యాత్ర: డబ్బు పుచ్చుకున్నది ఒకరు, తోట చూపించింది మరొకరు

ఆయిల్‌పామ్‌లో చాక్లెట్‌కు వాడే కోకోను అంతర పంటగా వేస్తే లక్షలు వస్తాయని మా ఊరికి వచ్చి చెప్పిన ఒక నర్సరీ ఏజెంటును నమ్మి, తలకు 3,500 రూపాయలు చెల్లించి, నేను, మా బావమరిది, మా నల్లగొండ జిల్లా హాలియా వైపు రైతులు మరికొందరు వేసవి కోత సమయంలో గోదావరి జిల్లాలకు వెళ్లి వచ్చాము. ఆ సొమ్ములో న్యాయమైనది డీజిలు ఖర్చు ఒక్కటేనని ముందే చెబుతున్నాను.

సూర్యాపేట, ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా ప్రయాణం సాఫీగానే సాగింది. అసలు కథ జంగారెడ్డిగూడెం లాడ్జిలో మొదలైంది. ఏసీ గది అన్నారు. గోడకు ఏసీ ఉన్నమాట నిజమే కానీ, అది వేయాలంటే కరెంటు ఖర్చు కింద గదికి మరో 300 రూపాయలు కట్టాలని కౌంటరులోని కుర్రవాడు తాపీగా చెప్పాడు. కట్టాము. అర్ధరాత్రికి అది ఆగిపోయింది. కిందికి వెళ్లి లేపితే, "పొద్దున్నే మెకానిక్కు వస్తాడండి" అని మళ్లీ పడుకున్నాడు. మా బావమరిది తడి తువ్వాలు కప్పుకుని డాబా మీద పడుకున్నాడు. తెల్లవారాక టీ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఏజెంటు మాత్రం వేరే లాడ్జిలో దిగాడని తరువాత తెలిసింది.

మరునాడు తోటలకని బయలుదేరదీసి తన నర్సరీకే తీసుకెళ్లాడు. మొక్క 45 రూపాయలు, అడ్వాన్సు ఇప్పుడే కట్టాలట. నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కదా అని అడిగితే, "చెట్టే అలవాటు పడుతుందండి" అన్నాడు.

మధ్యాహ్నం ఒక మెస్‌లో 120 రూపాయలకు ముద్దపప్పు, ఆవకాయ, గోంగూరతో కడుపు నిండా పెట్టారు. ఈ యాత్రలో ఇచ్చిన డబ్బుకు తగిన ఫలం దక్కింది అక్కడే. పక్క బల్ల దగ్గర మా గొడవ విన్న ఒక పెద్దాయన, "రండి బాబూ, నా తోట చూసి అప్పుడు కట్టండి అడ్వాన్సు" అని కోకో అంతర పంటగా ఉన్న తన కొబ్బరి తోటకు తీసుకెళ్లాడు.

కోకో పూలు కొమ్మల చివర కాక, మాను మీదే గోరంత చిన్నవిగా పూస్తాయి. వాటి పక్కనే చిటికెన వేలంత పిందెలు నల్లగా ఎండి, రాలకుండా చెట్టునే అంటుకుని ఉన్నాయి. ఎండ ముదిరినా, నీరు తగ్గినా చెట్టు ఇలా పిందెలను వదులుకుంటుందని ఆయన చెప్పాడు. పండిన కాయను కొట్టి ఇస్తే, గింజల చుట్టూ ఉన్న తెల్లని గుజ్జు బాలానగర్ సీతాఫలంలా తియ్యగా, కాస్త పుల్లగా ఉంది. గింజలను పెట్టెల్లో సుమారు ఆరు రోజులు పులియబెట్టి ఎండబోస్తారు. కళ్లంలో ఉండగా అకాల వాన పడితే బూజు పట్టి ధర పోతుంది.

ధర సంగతీ వాతావరణమే తేలుస్తుంది, అదీ మన వాతావరణం కాదు. ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండించే ఐవరీకోస్ట్, ఘనాలలో 2023లో అతివృష్టి వల్ల కాయలను నల్లగా కుళ్లబెట్టే నల్లకాయ తెగులు ముదరడం, ఆపైన 2024 మొదట్లో ఎల్‌నినో వేడి, ఎడారి నుంచి వీచే హర్మట్టాన్ పొడిగాలి తోడవడంతో దిగుబడి పడిపోయి, ఇక్కడ కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయలు పలికాయి. 2025లో అది సగానికి పడిపోతే ఏలూరు ప్రాంత రైతులు ధర్నాలు చేశారు. ఏజెంటు మాకు చూపిన లెక్కలన్నీ ఆ వెయ్యి రూపాయల నాటివి.

కోకోకు నీడ, తేమ, ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల వాన కావాలి. గోదావరి జిల్లాల్లోనూ అంత పడదు. కొబ్బరి నీడ, బోర్ల నీరు కలిసి లోటు పూడుస్తాయి. మనకు పడేది అందులో దాదాపు సగమే, ఆయిల్‌పామ్ ఆకులు ఇంకా చాలా చోట్ల కలుసుకోలేదు కనుక నీడా చాలదు. నా మాట వింటే, నీడ పట్టి, నిండు వేసవిలోనూ బోరు ఆగని తోట ఉన్నవారే, అదీ పది మొక్కలతో చూడండి. బావమరిది మాత్రం యాభై వేస్తానంటున్నాడు.

వెళ్లదలచినవారు ఏజెంటు లేకుండా సొంతంగా వెళ్లండి. బస ద్వారకా తిరుమలలో చూసుకుంటే దర్శనమూ అవుతుంది. గది ఎక్కడ తీసుకున్నా, డబ్బు కట్టకముందే ఏసీ వేయించి పావుగంట కూర్చుని చూడండి.