మా హాల్లో ‘జొన్న చెట్టు’: డ్రసీనా కొన్న ఏడాదికి

అనంతపురంలో మా అద్దె ఇంటి హాలుకు ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. పగలు లైటు వేయకుండా పేపరు చదువుకోవచ్చు గానీ ఎండపొడ లోపలికి రాదు. టీవీ పక్క మూల బోసిగా ఉందని, అక్కడ మనిషెత్తు మొక్క పెట్టాలని నా కోరిక.

మొదట తెచ్చింది అరెకా పామ్. "యాడ పెట్టినా బతుకుతాదక్కా" అన్నాడు అమ్మినతను. దానికి వెలుతురు బాగా కావాలని, గాలి పొడిగా ఉంటే కొసలు మాడతాయని తర్వాత తెలిసింది. మే నెల రాగానే మట్టలు ఒక్కొక్కటే ఎండి చీపురుకట్టలయ్యాయి. 900 రూపాయలు పోయినట్టే.

రెండోసారి వేరే నర్సరీకి వెళ్లాను. నా కన్ను ఫిడిల్ లీఫ్ అనే పెద్దాకుల మొక్క మీద పడింది. అక్కడాయన "కిటికీ ఏ పక్కుంది మేడం?" అని అడిగి, ఉత్తరం అనగానే "అయితే ఇది వద్దు, ఆకులు రాలుస్తాది" అన్నాడు. అమ్ముకునే మనిషి వద్దనడం నాకు భలే నచ్చింది. ఆయన చూపించిందే ఈ డ్రసీనా మసాంజియానా. ఒకే కుండీలో మూడు మోడులు: నడుముదాకా ఒకటి, భుజందాకా ఒకటి, నాకంటే జానెడు ఎత్తుది ఒకటి. పైన కోసిన చోట మైనం పూసి ఉంది, దాని కిందనుంచి ఆకుల గుత్తులు, ఆకు నడుమ పసుపు చార. 1,800 చెప్పి 1,600కి ఇచ్చాడు. ఆటోలో పడుకోబెట్టి తెస్తే మా అత్తమ్మ చూసి, "ఇంత దుడ్డు పోసి జొన్న చెట్టు తెచ్చినావా?" అంది.

రెండు నెలలకు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోశాను, ఇంకా మాడాయి. ఒకటే టెన్షన్. నర్సరీ ఆయనకు ఫోటో పంపితే అడిగిన మొదటి మాట, "ఏ నీళ్లు పోస్తాండారు?" ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు పారబోయడమెందుకని బకెట్టు పట్టి అవే పోస్తున్నాను మరి! డ్రసీనాకు ఫ్లోరైడ్ పడదు. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో అది ఎక్కువే, మిషన్ వదిలేసే నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఇప్పుడు తాగే నీళ్లే పోస్తున్నాను, అదీ వేలు రెండు కణుపులు దించి చూసి మట్టి పొడిగా ఉంటేనే. ఎండాకాలం పది రోజులకోసారి, చలికాలం ఇరవై రోజులకోసారి సరిపోతోంది. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు, కత్తెరతో ఏటవాలుగా కత్తిరించాను. కొత్తాకులు శుభ్రంగా వస్తున్నాయి.

లోపాలూ ఉన్నాయి. మా మూలలో వెలుతురు తక్కువ కాబట్టి కొత్తాకుల్లో పసుపు చార వెలిసినట్టుంది. పెరగడమూ నిదానమే. ఆ మోడు అసలు పొడుగెదగదు, గుత్తులే పైకి లేస్తాయి. కాబట్టి ఎంత ఎత్తు కావాలో అంత ఎత్తుదే మొదటే కొనుక్కోండి. ఆ రోజు నర్సరీలో దీని పక్కనే ఇంకో అడుగు పొడుగుది 2,200కి ఉంటే నేను బేరం చూసుకుని వదిలేశాను.