కోఠిలో పే పార్కింగ్: ఐదుకి రెండు స్టార్లు

కోఠిలో సుల్తాన్ బజార్ దగ్గరున్న ఒక పే పార్కింగ్ గురించి రాస్తున్నా. పేరు రాయను, అక్కడ పొద్దున్నుంచి ఎండలో నిలబడి పనిచేసే వాళ్ళకి మాట రాకూడదు. పక్క గల్లీలో మాకు గాజులు, ఫ్యాన్సీ సామాన్ల షాపు ఉంది, నాన్న తర్వాత పదకొండేళ్ళుగా నేనే చూసుకుంటున్నా, స్కూటీ రోజూ ఆ పార్కింగ్‌లోనే పెడతా, డబ్బులు నెలకోసారి కట్టేస్తా. కాబట్టి ఒక్కరోజు వెళ్ళొచ్చి రాస్తున్నది కాదు. ఇచ్చిన రెండు స్టార్లూ అక్కడి మనుషులకే.

స్లిప్పులు రాసే పెద్దాయనకి రోజూ వచ్చే బండ్లన్నీ గుర్తే. వాన మొదలైతే సీట్ల మీదున్న హెల్మెట్లు తీసి తన కుర్చీ కింద పెడతాడు. ఒకసారి తాళంచెవి బండికే వదిలేసి వెళ్ళిపోతే సాయంత్రం దాకా జేబులో దాచి, షాపు మూసే టైంకి తనే నడుచుకుంటూ వచ్చి చేతిలో పెట్టాడు. బండ్లు సర్దే అబ్బాయి హ్యాండిల్ లాక్ వేసిన స్కూటర్లని వెనక నుంచి లేపి లేపి పక్కకి జరుపుతుంటాడు, రోజుకి ఎన్ని లేపుతాడో, వాడి నడుం గురించి తలుచుకుంటే బాధేస్తుంది.

మిగతాదంతా కష్టమే. బోర్డు మీద బైకుకి 10 రూపాయలని ఉంటుంది, తీసుకునేది 20. పల్చటి గులాబీరంగు కాగితం, దాని మీద బాల్ పెన్నుతో టైం, 10 అని ప్రింటున్న చోట ఆ ఒకటినే రెండుగా దిద్దేస్తారు. వాన పడితే లోపల మడమ దాకా నీళ్ళు. చీకటి పడ్డాక వెలిగేది ఒక్కటే లైటు, అదీ గేటు దగ్గర, వెనక వరుసలో బండి పెట్టిన ఆడవాళ్ళు ఫోన్ టార్చి వేసుకుని వెతుక్కోవాలి. టాయిలెట్ లేదు. మా షాపుకి వచ్చే అక్కలు రోజుకి ఒకరిద్దరైనా మెల్లగా, మొహమాటంగా అడుగుతారు, "అన్నా, ఇక్కడ బాత్రూం ఎక్కడుంటది?" అని. పిల్లల్ని ఎత్తుకుని మధ్యాహ్నం నుంచి తిరుగుతున్న మనిషికి ఏం చెప్పను? తెలిసిన హోటల్ వాళ్ళకి ఫోన్ చేసి పంపిస్తుంటా.

ఇదంతా ఇంత కోపంగా రాయడానికి కారణం ఉంది. శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజుల్లో మాకు గిరాకీ ఉంటేనే ఏడాది గడుస్తుంది. మొన్నటి సీజన్లో, ఇరవై ఏళ్ళుగా మా దగ్గరే గాజులు కొనే ఒకామె ఉప్పల్ నుంచి కారులో వచ్చింది. రెండు డజన్ల మట్టిగాజులు, పేరంటానికి పంచడానికి ఇంకో ముప్ఫై జతలు పక్కన పెట్టించుకుంది ఫోన్లోనే. గంట తర్వాత మళ్ళీ ఫోన్. "నాలుగు రౌండ్లు కొట్టాం తమ్ముడూ, కారు పెట్టే జాగ దొరకలేదు, మావారు తిడుతున్నారు, ఇంటికి పోతున్నాం, ఏమనుకోకు." ఏమనుకుంటాను, ఆమె తప్పేముంది. ఆ గాజులు నాలుగు రోజులు కౌంటర్ మీదే పెట్టి చూశాను, రాలేదు.

అదే ఆమె మాల్‌కి వెళ్తే 2018లో ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం మొదటి అరగంట పార్కింగ్ ఫ్రీ, గంట లోపైతే ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఫ్రీ, గంట దాటినా బిల్లు పార్కింగ్ ఛార్జీ కన్నా ఎక్కువుంటే ఫ్రీ. కొనేవాళ్ళకి మంచి జీవో, కాదనను. కానీ మా గల్లీలో ఏ షాపు బిల్లు చూపించినా పార్కింగ్ తగ్గదు, మాల్‌కి ఓనరు ఒకడున్నాడు, ఆయన ఖర్చు అన్ని షాపుల మీదా పంచేసుకుంటాడు. మా గల్లీలో రెండు వందల షట్టర్లుంటే రెండు వందల మంది సేట్లు, ఎవరి దారి వాళ్ళదే.

మా అక్క కొడుకు కొలరాడోలో, బౌల్డర్ అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడి బజారు గురించి వాడు చెప్పింది విన్నప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. 1970లోనే అక్కడి డౌన్‌టౌన్‌ని ఒక ప్రత్యేక జిల్లాగా గీత గీశారు. ఆ గీత లోపలున్న ఆస్తుల మీద మామూలు టాక్స్‌కి తోడు కొంచెం అదనపు టాక్స్, దాంతో, పార్కింగ్ ఫీజులతో కలిపి అందరికీ పనికొచ్చే పార్కింగ్ బిల్డింగులు కట్టారు. దానికి బదులుగా గీత లోపల కట్టే షాపు ఎవరి పార్కింగ్ వాళ్ళు చూపించాలన్న నిబంధన తీసేశారు. పార్కింగ్ డబ్బులతో అక్కడ పనిచేసే వాళ్ళకి బస్సు పాసులు కూడా ఇస్తారట, షాపుల్లో పనిచేసే వాళ్ళు బస్సులో వస్తే ఆ చోటు కస్టమర్లకి మిగులుతుంది. నా స్కూటీ కూడా ఒక కస్టమర్ చోటు తింటోందని నాకు అప్పుడే తట్టింది. కాలిఫోర్నియాలో పాసడీనా పాత బజారులో 1993లో పార్కింగ్ మీటర్లు పెడతామంటే షాపుల వాళ్ళు ఒప్పుకోలేదు, వచ్చిన ప్రతి రూపాయీ మీ వీధుల్లోనే ఖర్చు పెడతామని చెప్పాకే ఒప్పుకున్నారు. ఫుట్‌పాత్‌లు, లైట్లు, చెట్లు, గల్లీల క్లీనింగ్ అన్నీ ఆ డబ్బుతోనే అయ్యాయి.

ఇది మనకి రాని పద్ధతేం కాదు. మన ఊళ్ళోనే పారిశ్రామిక వాడల్లో ఐలా, అంటే ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ అని ఉంది, అక్కడ ప్రాపర్టీ టాక్స్ ఐలానే వసూలు చేసుకుని 35 శాతం స్థానిక సంస్థకి ఇచ్చి, మిగతా 65 శాతంతో రోడ్లు, లైట్లు చూసుకుంటుంది. సైబరాబాద్‌లో ఐటీ కంపెనీలు పోలీసులతో కలిసి సెక్యూరిటీ కౌన్సిల్ పెట్టుకుని, ట్రాఫిక్ దగ్గర మార్షల్స్‌ని నిలబెడుతున్నాయి. మనం కట్టే ప్రాపర్టీ టాక్స్‌లోనే రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్ అని వేరుగా ఉంటుంది. అంటే ఒక పని కోసమని విడిగా సెస్ వేయడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే. కోఠి, అబిడ్స్, మోజంజాహీ మార్కెట్ దాకా గీత గీసి రూపాయికి ఐదు పైసలు వేసినా నేను కడతా, సంతోషంగా కడతా. ఆ డబ్బు ఈ గీత దాటి పోకూడదు, అంతే.

మా గల్లీ సంఘంలో ఈ మాట ఎత్తితే అందరూ నా మీదే పడ్డారు. ట్రేడ్ లైసెన్స్, కరెంటు, జీఎస్టీ చాలవా, ఇంకో టాక్సా అన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమైంది. మాలో సగం మంది అద్దెకున్నవాళ్ళు, టాక్స్ మడిగ ఓనరు మీద వేస్తే వచ్చే నెలే అద్దెలో కలిపేస్తాడు, ఓటు మాత్రం ఓనరు చేతిలో ఉంటుంది. అందుకే నాకు బ్రిటన్ పద్ధతి నచ్చింది. అక్కడ ఇలాంటి జిల్లా పెట్టాలంటే వ్యాపారం చేసేవాళ్ళే ఓటేయాలి, ఓట్ల లెక్కలోనూ ఆస్తి విలువ లెక్కలోనూ రెండింట్లోనూ మెజారిటీ రావాలి, ఐదేళ్ళు దాటితే మళ్ళీ ఓటింగే. పెద్ద షోరూంలు నలుగురు కలిసి చిన్న షాపులని తొక్కేయలేరు.

ఇంకొకటి, బండ్ల మీద అమ్ముకునేవాళ్ళు. క్లీనింగ్ పేరుతో ముందు వాళ్ళనే లేపేస్తారేమోనని నాకు టెన్షన్. మా షాపు ముందు పిన్నులు, రబ్బర్ బ్యాండ్లు అమ్మే అమ్మ దగ్గర ఆగిన ఆడవాళ్ళే తర్వాత మా మెట్లెక్కుతారు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకి అమ్ముకునే హక్కు ఇచ్చింది. కమిటీ అంటూ వేస్తే అందులో వాళ్ళకీ కుర్చీ ఉండాలి, లేకపోతే నా ఐదు పైసలు నేను ఇవ్వను.

ఈలోగా ఆ పార్కింగ్‌కి వెళ్ళేవాళ్ళు పదకొండున్నర లోపు వెళ్ళండి, గేటుకి ఎడమవైపు మొదటి వరుసలో పెట్టండి, అక్కడ నీళ్ళు నిలవవు, లైటు కూడా పడుతుంది. స్లిప్పు మీద టైం అక్కడే చూసుకోండి. చిల్లర ఉంచుకోండి. బండి పెట్టేటప్పుడు వీలైతే హ్యాండిల్ లాక్ వేయకుండా వదిలి, ఆ మాట ఆ అబ్బాయికి ముందే చెప్పండి, వాడొక్కడికైనా ఒక బండి బరువు తగ్గుతుంది.