కత్తి పిడికి క్రికెట్ బ్యాట్ ఆయిల్: అన్ని నూనెలూ పూసి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. వంటింటి కత్తుల చెక్క పిడికి పూయడానికి నేను కొన్న నూనెలన్నిటిలో నా ఓటు స్పోర్ట్స్ షాపులో దొరికే క్రికెట్ బ్యాట్ ఆయిల్‌కే. ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కూడా చెప్తాను.

నాది గుంటూరులో చిన్న కర్రీ పాయింట్. తెల్లవారుజామున ఉల్లిపాయలతో మొదలైతే మధ్యాహ్నం దాకా కత్తులకి ఖాళీ ఉండదు. పెద్ద హోటళ్లలో రంగురంగుల ప్లాస్టిక్ పిడులుంటాయి, పచ్చి మాంసానికి ఎరుపు, ఆకుకూరలకి ఆకుపచ్చ అని. మా దగ్గర ఎక్కువగా కమ్మరి కొట్టిన కత్తులే. నల్లతుమ్మ పిడి, మెడ దగ్గర ఇనుప పొన్ను, అంటే పిడికి తొడిగే కట్టు. చెయ్యి తడిగా ఉన్నా జారదని మా వాళ్లు వాటినే వెతుక్కుని తీసుకుంటారు. గొడవల్లా ఆ పిడి మీద ఏ పూతా ఉండకపోవడం. రోజూ తడిసి ఆరి, తడిసి ఆరి నార లేస్తుంది. పసుపూ కారం పీల్చుకుంటుంది. ముసురు పడితే వాసనొస్తుంది. పొన్ను దగ్గర సందులోకి నీళ్లు దిగి లోపల ఇనుము తుప్పు పడితే ఇక పిడి ఊగడం మొదలవుతుంది.

ఏ నూనె కొనాలన్నా ముందు చూడాల్సింది ఒక్కటే, అది ఆరుతుందా ఆరదా అని. అవిసె నూనె, టంగ్ ఆయిల్, అక్రోటు (వాల్‌నట్) నూనె లాంటివి గాల్లో ఆక్సిజన్ పీల్చుకుని చెక్కలోనే గట్టిపడతాయి. ఇనుప పెనం మీద నల్లగా పేరుకునే పూత లాంటిదే ఇదీ, కాకపోతే మంట లేకుండా నిదానంగా జరుగుతుంది. కొబ్బరి నూనె ఎన్నేళ్లు ఉంచినా ఆరదు. అందులో 90 శాతం దాకా సంతృప్త కొవ్వులే, ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే గుణం వాటికి లేదు. ఆముదమూ అంతే. వేరుశెనగ, నువ్వుల నూనెలైతే అటూ కాదు ఇటూ కాదు, కొన్నాళ్లకి జిడ్డుగా బంకగా తయారై కంపు కొడతాయి. "ఇంట్లో ఉన్న నూనె రాసేస్తే పోలా అక్కా" అని మా కుర్రాడు ఇప్పటికీ అంటూనే ఉంటాడు. పోదురా నాయనా.

మెడికల్ షాపులో అమ్మే లిక్విడ్ పారాఫిన్ సంగతి. కటింగ్ బోర్డుల కోసమని ఖరీదైన సీసాల్లో అమ్మే మినరల్ ఆయిల్ చాలావరకు ఇదే జాతి. రంగూ వాసనా ఉండవు, ఎన్నాళ్లున్నా చెడిపోదు, నోట్లోకి పోయినా భయం లేదు, మలబద్ధకానికి మందుగా ఇచ్చేది దాన్నే కదా. పూసిన గంటలో పిడి కొత్తదానిలా ఉంటుంది. కానీ ఇదీ ఆరదు. సబ్బు పెట్టి నాలుగుసార్లు కడిగితే మళ్లీ మొదటికొస్తుంది. వారానికోసారి ఒకటీ రెండూ కత్తులు వాడుకునే ఇంటికి సరిపోతుంది, మా పనికి కాదు. రెండున్నర మార్కులు.

రంగుల షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ (అవిసె) ఆయిల్‌ని వడ్రంగులు తలుపులకీ కిటికీలకీ వాడతారు. చవక, త్వరగా ఆరుతుంది. త్వరగా ఆరడానికి అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు. పూర్తిగా గట్టిపడ్డాక ప్రమాదం లేదనేవాళ్లు ఉన్నారు. కావచ్చు. పారకీ, పలుగుకీ పూస్తాను గానీ జనానికి కూరలమ్మే చోట కత్తి పిడికి పూయను. మార్కులు వెయ్యట్లేదు, దాని పని వేరు.

టంగ్ ఆయిల్ చైనా నుంచి వచ్చిన చెట్టు గింజల నూనె. అవిసె నూనె కంటే నీళ్లకి బాగా తట్టుకుంటుంది, రంగు కూడా అంతగా పసుపెక్కదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి సీసా మీద 'టంగ్ ఆయిల్ ఫినిష్' అని బంగారు అక్షరాలతో ఉంది. మూత తీస్తే థిన్నర్ వాసన. అనుమానమొచ్చి పాత గాజు పలక మీద చిన్న మడుగులా పోసి వదిలేశాను. మర్నాటికి అద్దంలా మెరుస్తూ గట్టిపడింది. అచ్చమైన టంగ్ ఆయిల్ మడుగు అలా ఆరదు. రోజుల తరబడి మెత్తగానే ఉండి, ముడతలు పడి, మెరుపు లేకుండా ఆరుతుంది. నాకొచ్చింది వార్నిష్‌లో థిన్నర్ కలిపిన సరుకు. ఏ కంపెనీయో చెప్పను గానీ 'ఫినిష్' అన్న ముక్క కనిపిస్తే వెనక లేబుల్ చదవండి. తర్వాత వేరే చోట అచ్చమైనదే దొరికింది. పనితనంలో దానికి వంక పెట్టలేను, నాలుగుంపావు ఇస్తాను. కానీ ధర బ్యాట్ ఆయిల్‌కి ఎన్నో రెట్లు, పూతలన్నీ పూర్తిగా గట్టిపడేసరికి వారాలు పడుతుంది. ఇంట్లో నాకు ఇష్టమైన చాకు ఒక్కదానికే ఉంచుకున్నాను.

డానిష్ ఆయిల్‌కి ఫలానా అనే ఫార్ములా ఏమీ లేదు. నూనె, వార్నిష్, థిన్నర్ ఎవరికి తోచిన పాళ్లలో వాళ్లు కలుపుతారు. నీళ్లకి గట్టిగానే నిలబడింది, అది ఒప్పుకోవాలి. కాకపోతే మూడు పూతలు పడేసరికి పిడి నున్నగా అయిపోయింది. చికెన్ కొట్టే చేతికి నునుపు పనికిరాదు. అక్రోటు నూనె ఆరుతుంది కానీ ఆ ధర పెట్టి కొనలేం. పైగా గింజలు పడనివాళ్ల విషయం కూడా చూసుకోవాలి.

ఇక బ్యాట్ ఆయిల్. స్పోర్ట్స్ షాపులో అడిగితే కౌంటర్ మీదున్నాయన "ఇంగ్లిష్ విల్లోనా మేడం, కశ్మీర్ విల్లోనా?" అన్నాడు, బ్యాట్ ఏ రకం చెక్కదో తెలుసుకోవడానికి. కత్తికండీ అంటే సీసా ఇవ్వబోతున్న చెయ్యి ఆగింది. మామిడికాయలు కొట్టే కత్తి అని చెప్పాక నవ్వి ఇచ్చాడు. ఇది కూడా అవిసె నూనే, కానీ లోహాలు కలపని పచ్చి నూనె. సీసా మీద రా లిన్సీడ్ ఆయిల్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, ఇంకేవో కలిపినవి కూడా అమ్ముతున్నారు. ఆయిల్ పెయింటింగ్ సామాన్ల షాపులో శుద్ధి చేసిన లిన్సీడ్ ఆయిల్ దొరుకుతుంది, కామెల్ సీసాలు చాలామంది చూసే ఉంటారు. అదీ పనికొస్తుంది. గానుగలో ఆడించిన తినే అవిసె నూనె అయినా సరే, అసలు గుణం మారదు.

పూసే పద్ధతిలోనే ఉంది కిటుకంతా. పిడిని సబ్బుతో కడిగి, నీడన రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వాలి. 120 నంబర్ సాండ్ పేపర్‌తో మొదలెట్టి 220తో ఆపండి. అందం కావాలంటే 400 వాటర్ పేపర్ దాకా వెళ్లొచ్చు, పట్టు కావాలంటే వద్దు. తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పడుకున్న నారంతా లేస్తుంది. అది ఆరాక మళ్లీ 220తో పైపైన రుద్దితే ఇక కడిగినప్పుడల్లా లేవదు. ఈ పని ఎగ్గొడితే ఏ నూనె పూసినా మొదటి కడుగుకే పిడి గరుకెక్కుతుంది.

నూనె సీసాని కాసేపు వేడినీళ్ల గిన్నెలో పెడితే పలచబడి బాగా దిగుతుంది. పొయ్యి మీద మాత్రం కాచొద్దు. గుడ్డతో ధారాళంగా పూసి పిడిని గమనించండి. తుమ్మచెక్క పక్కలు కొంచెమే తాగుతాయి. పిడి చివర కోసిన ముఖం మాత్రం పూసిన చోటే మళ్లీ పొడిగా అయిపోతూ ఉంటుంది, మచ్చలు మచ్చలుగా మెరుపు మాయమవుతుంది. తాగడం ఆపేదాకా అక్కడ పూస్తూనే ఉండండి. నీళ్లు దిగేది కూడా అక్కడి నుంచే. ఇరవై నిమిషాలయ్యాక పైన మిగిలిన నూనెంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడిచెయ్యాలంటే పూర్తిగా, వేలితో రాస్తే తడి తెలియకూడదు. మా వంటమాస్టరు ఎక్కువ ఉంటే ఎక్కువ బలం అనుకుని తుడవకుండా వదిలేసిన పిడి ఈగలు పట్టే బంకలా తయారైంది. టర్పెంటైన్, స్టీల్ పీచు పెట్టి గీకితే గానీ వదల్లేదు.

పూతకీ పూతకీ మధ్య పిడి వేలికి అంటకుండా ఆరాలి. మా ఎండాకాలంలోనే దానికి రోజులు పడుతుంది, వానల్లో వారం దాటుతుంది. మూడు పూతలు చాలు. ఆరబెట్టేది గాలీ వెలుతురూ ఉన్న నీడన, మే నెల ఎండలో పెడితే చెక్క పగులుతుంది. పొన్ను దగ్గర సందుకి కరిగించిన తేనెమైనం రెండు చుక్కలు పోస్తాను. పిడి మీదంతా మైనం రుద్దమని చాలామంది చెప్తారు, తడి చేతులతో పనిచేసేవాళ్లు ఆ మాట వినొద్దు.

కోసిన మార్కు ఎందుకంటే, ఒకటి ఈ ఆలస్యం. రెండోది, ముసురు రోజుల్లో గాలి ఆడని సొరుగులో పెట్టిన పిడి మీద సన్నగా నల్ల చుక్కలొచ్చాయి. పచ్చి అవిసె నూనె పూత మీద బూజు తేలిగ్గా పడుతుంది. కడిగి ఆరబెట్టి మళ్లీ ఒక పూత వేస్తే పోయింది గానీ, టంగ్ ఆయిల్ పిడికి ఆ బాధ రాలేదు.

అన్ని పిడులకీ ఇది పనికిరాదు. బజార్లో చెక్క పిడి అని అమ్మే కత్తుల్లో చాలావాటికి ఉండేది రెసిన్ పట్టించిన పక్కావుడ్, దానిలోకి ఏ నూనే దిగదు. ఫ్రాన్స్ నుంచి వచ్చే ఒపినెల్ చాకుల బీచ్ చెక్క పిడి మీద వార్నిష్ ఉంటుంది, అది గీకెయ్యకుండా నూనె పూస్తే పైపైనే నిలబడుతుంది. జిట్రేగు పిడి అయితే ఆ చెక్కలో సహజంగా ఉండే పదార్థాలే నూనెని ఆరనివ్వవు, దానికి లిక్విడ్ పారాఫినే నయం. టేకులోనూ సొంత జిడ్డుంటుంది, పూసేముందు థిన్నర్‌తో ఒకసారి తుడవండి.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూలన పడెయ్యొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలో ఫిలడెల్ఫియాలోని వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాంటి గుడ్డల వల్లే 22వ అంతస్తులో అంటుకుంది. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. గ్యాస్ బండలుండే వంటగదిలో అసలు కుదరదు. నేను ఆ గుడ్డల్ని విప్పి పెరట్లో తీగ మీద ఆరేస్తాను, గట్టిపడ్డాకే చెత్తలో వేస్తాను.

కొనేటప్పుడు చిన్న సీసానే తీసుకోండి. వంద మిల్లీలీటర్లు ఒక ఇంటి కత్తులన్నిటికీ సరిపోయి ఇంకా మిగులుతుంది. సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేరి నూనె మీద మీగడ కడుతుంది. గోళీలుంటే కడిగి ఆరబెట్టి లోపల వేయండి, నూనె మూతి దాకా లేస్తుంది.