పార్ట్ టైమ్ సీఎఫ్ఓతో రెండున్నరేళ్లు: మా అట్టపెట్టెల యూనిట్ అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో మాకు అట్టపెట్టెల యూనిట్ ఉంది. నూజివీడు మామిడికి, భీమవరం వైపు రొయ్యల ఎగుమతిదారులకి, రెండు మూడు మందుల కంపెనీలకి పెట్టెలు చేసిస్తాం. టర్నోవరు ఏడాదికి 14 కోట్ల దగ్గర ఉంటుంది. 2023 సెప్టెంబరు నుంచి ఒక పార్ట్ టైమ్ సీఎఫ్ఓ, అంటే కంపెనీ డబ్బు వ్యవహారాలు చూసే అధికారి, మాతో పని చేస్తున్నారు. "మేమూ పెట్టుకోవచ్చా?" అని తోటి యూనిట్ల వాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. ఫోన్లో పది నిమిషాల్లో తేలే మాట కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మా బాధ అందరికీ తెలిసిందే. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) తెరిస్తే లాభం కనిపిస్తుంది, బ్యాంకు ఖాతా తెరిస్తే డబ్బుండదు. 7వ తేదీన జీతాలు ఇవ్వాలంటే 4వ తేదీ నుంచే నాకు నిద్ర పట్టేది కాదు. సీసీ, అంటే బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, ఎప్పుడూ లిమిట్ అంచునే ఉండేది. పేపరు మిల్లుకి అడ్వాన్సు కట్టాల్సి వచ్చినప్పుడల్లా బావగారి దగ్గర చేబదులు తెచ్చేదాన్ని. మా ఆడిటరుగారు చాలా మంచివారు, కానీ ఆయన చూసేది అయిపోయిన ఏడాది లెక్కలు. పైగా మాది ప్రైవేట్ లిమిటెడ్. కంపెనీల చట్టం 2013లోని 144వ సెక్షన్ ప్రకారం, ఆడిట్ చేసే మనిషే ఆ కంపెనీకి లెక్కలు రాయడం, యాజమాన్య పనులు చూడటం కుదరదు. ఇక ఫుల్ టైమ్ సీఎఫ్ఓని పెట్టుకునే స్తోమత మాకు లేదు.

మొదట ఇలా పార్ట్ టైమ్ సీఎఫ్ఓ పని చేసిపెట్టే ఒక సంస్థని పెట్టుకుని ఐదు నెలలు పోగొట్టుకున్నాం. తొలి మీటింగుకి నెరిసిన జుట్టుతో ఒక పెద్దాయన వచ్చి చక్కగా మాట్లాడారు. ఆ తర్వాత ఆయన మళ్లీ కనిపించలేదు. నెలనెలా ఒక కుర్రాడు ముప్పై పేజీల రిపోర్టు పంపేవాడు. అన్నీ మా ట్యాలీలో ఉన్న అంకెలే, రంగుల గ్రాఫులతో. నెలకి 35 వేలు కట్టాం. ఆ ఐదు నెలల్లో ఒక్కరూ మా షెడ్డులో కాలు పెట్టలేదు.

ఇప్పుడున్న మేడం హైదరాబాద్‌లో ఉంటారు. సీఏ చదివి, సరుకు తయారు చేసే కంపెనీల్లో ఫైనాన్స్ చూసిన మనిషి. నెలకి రెండు రోజులు వస్తారు, మొన్నటిదాకా ప్రతి సోమవారం 10:30కి వీడియో కాల్ ఉండేది.

మొదటిసారి వచ్చిన రోజు ఆవిడ కంప్యూటర్ ముట్టుకోలేదు. నేరుగా మెషీను దగ్గరికెళ్లి ఆపరేటర్ని అడిగారు: "ఈ పేపరు రీలు వెడల్పెంత? ఈ పెట్టెకి కావలసిందెంత?" రీలు 110 సెంటీమీటర్లు, షీటుకి కావలసింది 98. మిగతా 12 సెంటీమీటర్లు కత్తిరించి పక్కన పడేస్తున్నాం. ఆ ముక్కల మూటల్ని కాటా మీద పెట్టించి, బరువు స్వయంగా రాసుకున్నారు. ఆ సైజుకి మా తుక్కు 11 శాతం దాకా వస్తోంది, మేమేమో అన్ని పెట్టెలకీ 5 శాతమే అని రేటు కడుతున్నాం. మా ఖర్చులో మూడింట రెండొంతులు పేపరే. అంటే ఆ సైజుకి నెలనెలా ఎక్కువ ఆర్డర్లిచ్చే పార్టీ (కొనే కంపెనీ) దగ్గర మాకు మిగిలేది దాదాపు సున్నా. ఆ పెట్టెలకి 100 సెంటీమీటర్ల రీలు మిల్లులో చెప్పి చేయించుకోవడం మొదలుపెట్టాం. పార్టీకి రేటు పెంచాల్సిన పనే పడలేదు. ఇరవై ఏళ్లుగా కళ్లముందున్న తుక్కు అది. ఒక్కరోజు కూడా దాన్ని డబ్బుగా చూడలేదని అప్పుడు తెలిసింది.

రెండోది, 13 వారాల క్యాష్ షీటు. ఏ వారం ఎవరి దగ్గరనుంచి ఎంత వస్తుంది, ఎవరికి ఎంత పోతుంది, అంతే. వినడానికి చిన్నదే, నింపడమే కష్టం. మా అకౌంటెంట్ బాబాయిగారు నాన్నగారి కాలం నుంచి ఉన్నారు. "ఆ పార్టీ ఇచ్చేస్తాడమ్మా" అనేవారు. మేడం "ఏ తేదీకి, బాబాయిగారూ?" అని అడిగేవారు. ప్రతి పార్టీకీ అదే ప్రశ్న. ఒకరోజు ఆయన క్యారియర్ తెరిచి, తినకుండానే మూసేసి నా దగ్గరికొచ్చారు. "ఇన్నేళ్ల తర్వాత నా మీద నమ్మకం పోయిందా?" అన్నారు. నాకు కన్నీళ్లొచ్చాయి. ఆయన్ని ముందే కూర్చోబెట్టి, మేడం ఎందుకొస్తున్నారో చెప్పి ఉండాల్సింది. ఆ తప్పు పూర్తిగా నాది. మీరు ఎవర్ని పెట్టుకున్నా ముందు ఆ మాట ఇంట్లో, ఆఫీసులో చెప్పండి.

షీటు వచ్చాకే ఇంకో సంగతి అర్థమైంది. 90 రోజులు దాటిన బాకీని మా బ్యాంకు డ్రాయింగ్ పవర్‌లో, అంటే స్టాకు, బాకీలు చూసి సీసీలో ఎంత తీసుకోవచ్చో కట్టే లెక్కలో, కలపదు. అంటే పార్టీ ఆలస్యం చేస్తే ఆ డబ్బూ రాదు, సీసీలో తీసుకునే వీలూ తగ్గుతుంది. నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ మీద సంతకం పెడుతున్నా ఈ రెండో దెబ్బ నాకు తెలియదు.

2024 మార్చిలో మేడం ఫీజు ఒక్కసారిగా తిరిగొచ్చిందనుకున్నాం. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన అప్పుడే అమల్లోకి వచ్చింది. మాలాంటి చిన్న తయారీదారుల బిల్లు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటిన బాకీని మార్చి ఆఖరుకైనా తీర్చకపోతే, కొన్నవాళ్లు దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. మేడం మా బిల్లులన్నిటి మీదా ఉద్యమ్ నంబరు (చిన్న పరిశ్రమగా మా రిజిస్ట్రేషన్ నంబరు) వేయించి, పాత బాకీలున్న వాళ్లకి మర్యాదగా ఉత్తరాలు రాయించారు. నెలాఖరుకి 62 లక్షలు వచ్చాయి. అయితే ఒక పెద్ద పార్టీ డబ్బు కట్టేసి, తర్వాత ఆర్డర్లు ఆపేసింది. ఆ నష్టమూ నిజమే. ఇప్పుడు తలుచుకుంటే, వాళ్లకి ఉత్తరం బదులు నేనే వెళ్లి మాట్లాడి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి పెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు మేమంతా సంబరపడ్డాం. ప్రకటన వచ్చిన రాత్రే మేడం ఫోన్ చేశారు. పెట్టెల కోసం మనం కొనే క్రాఫ్ట్ పేపరు 12 నుంచి 18కి వెళ్తోంది, చూశారా అన్నారు. నెలకి 80 లక్షల పేపరు మీద 14.4 లక్షలు జీఎస్టీ కడతాం. 1.15 కోట్ల అమ్మకాల మీద వసూలయ్యేది 5.75 లక్షలే. తేడా 8.65 లక్షలు నెలనెలా క్రెడిట్‌లో, అంటే కొన్నప్పుడు ముందే కట్టిన పన్ను ఖాతాలో, ఇరుక్కుంటుంది, రిఫండుకి దరఖాస్తు పెట్టి తెచ్చుకోవాలి. ఆ టెన్షన్ మాకు మూడు వారాల ముందే తెలిసింది కాబట్టి, బ్యాంకుతో మాట్లాడి లిమిట్ పెంచుకునే టైమ్ దొరికింది. ఆ పండగ సీజన్లో మా పేపరు ఒక్కరోజూ ఆగలేదు.

ఇక ఖర్చు. ఫీజు నెలకి 60 వేలు, జీఎస్టీ అదనం. కానీ అసలు ఖర్చు అంతకంటే ఎక్కువ. 10వ తేదీకల్లా లెక్కలు ముగించాలంటే బాబాయిగారొక్కరివల్ల కాదు, 22 వేల జీతంతో ఒక అమ్మాయిని తీసుకున్నాం. ఈ రెండూ కలిపి చూసుకోండి.

నచ్చనివీ ఉన్నాయి. ఆవిడకి ఇంకో నాలుగు కంపెనీలున్నాయి. జీఎస్టీ నోటీసు వచ్చిన రోజు ఫోన్ ఎత్తలేదు, మర్నాడు సాయంత్రం పలికారు. ఆ ఒక్క రాత్రి మాకు చాలా పొడుగనిపించింది. అందుకే అర్జెంటు విషయాలకి ఆరు గంటల్లో జవాబివ్వాలని తర్వాత ఒప్పందంలో రాసుకున్నాం. ఎవరొస్తారో పేరుతో సహా రాయించుకోవడం, మొదటి మూడు నెలలు ట్రయల్, లోన్ల మీద కమిషన్ తీసుకోకపోవడం, నెట్ బ్యాంకింగులో చూసే హక్కు మాత్రమే ఇవ్వడం, ఇవీ అందులోనే ఉన్నాయి.

టర్నోవరు మూడు నాలుగు కోట్ల లోపుంటే, నా మాటగా, ముందు మంచి అకౌంటెంట్ మీద డబ్బు పెట్టండి. లెక్కలు నెలనెలా ముగియని చోట సీఎఫ్ఓకి చూడటానికేమీ ఉండదు.

గత నెలలో ఒప్పందం ఇంకో ఏడాదికి పొడిగించాం, సోమవారం కాల్ మాత్రం పదిహేను రోజులకోసారి చేశాం. మధ్య సోమవారాల్లో షీటు బాబాయిగారే నడుపుతున్నారు. మొన్న నేను ఒక పార్టీ గురించి "ఇచ్చేస్తాడులెండి" అంటే, పెన్ను పట్టుకుని "ఏ తేదీకమ్మా?" అన్నారు.