అరిపిప్రజోల్, అకథీసియా: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

బైపోలార్ జబ్బుకి, అంటే మనసు ఒకసారి హద్దులేని హుషారుకి, ఒకసారి లోతైన దిగులుకి వెళ్లే జబ్బుకి, నేను అరిపిప్రజోల్ అనే మందు మొదలుపెట్టి కొన్నేళ్లయింది, ఇప్పటికీ వాడుతున్నాను. మందు నాకు పనిచేసింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ రాసేదంతా దాదాపుగా అది తెచ్చిన అకథీసియా గురించే, అంటే మందు వల్ల వచ్చే, ఒకచోట కుదురుగా ఉండనివ్వని తొందర గురించే. చదివి భయపడి ఎవరైనా రేపటి నుంచి మాత్ర మానేస్తారేమోనని నా బెంగ. దయచేసి ఆ పని చేయకండి. మందు హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. కొందరికి మందు ఆపినప్పుడే అకథీసియా మొదలవుతుంది కూడా.

నేను తెనాలిలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. అరిపిప్రజోల్ కంటే ముందు ఓలాంజపిన్ అనే మందు వాడేదాన్ని. దాంతో నిద్ర పట్టింది, మనసు కుదుటపడింది, కానీ బరువు విపరీతంగా పెరిగి షుగరు దాకా వచ్చింది. మా అమ్మకీ షుగరు ఉంది కాబట్టి డాక్టరు గారు అరిపిప్రజోల్‌కి మార్చారు. మారాక బరువు తగ్గడం మొదలైంది, నా జాకెట్లు నేనే మళ్లీ కొలతలు తగ్గించి కుట్టుకున్నాను. తలలో ఆ మబ్బు పోయింది. ఎవరి బ్లౌజుకి ఏ మెడ చెప్పారో పుస్తకం చూడకుండా గుర్తుంటోంది. మంచి వైపు ఇది, దీన్ని తక్కువ చేయను.

డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 15కి పెంచాక, రెండు వారాలు తిరగకుండానే అకథీసియా పట్టుకుంది. మొదట తొడల లోపల ఏదో తొందర. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, దురద కాదు, వణుకూ కాదు. లేచి నడిస్తే తప్ప ఊరుకోని ఒక బలవంతం. నడిస్తే నాలుగడుగుల సుఖం, ఆగితే మళ్లీ మామూలే. కూర్చుంటే కాలు మీద కాలు వేయడం, తీయడం, మడమలు నేలకి రాయడం, స్టూలు అంచుకి జరగడం, చివరికి లేవడం. నిలబడినా ఆ కాలి మీద నుంచి ఈ కాలి మీదికి బరువు మార్చుకుంటూనే ఉంటాను. పొయ్యి దగ్గర ఉన్నచోటే అడుగులు వేస్తున్నానని మా అమ్మాయి చూసి చెప్పేదాకా నాకే తెలియలేదు. హుక్కులు కుట్టడం, చీరకి ఫాల్ వేయడం లాంటి కూర్చుని చేసే పనులన్నీ ఆగిపోయాయి. పెళ్లిళ్ల సీజన్లో వచ్చిన బట్టలు వెనక్కి పంపాల్సి వచ్చింది.

మా ఆడపడుచు గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతానికి మమ్మల్ని కూడా పీటల మీద కూర్చోబెట్టారు. రెండో కథ అవకముందే లేచేశాను. అత్తయ్య మెల్లగా, "కాసేపు కుదురుగా కూర్చోలేవా అమ్మా" అన్నారు. ఆవిడ కోపంతో అనలేదు. కానీ ఆ కాసేపు కూర్చోవడం నా చేతిలో లేదని ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చూసేవాళ్లకి కనపడేది ఒక మనిషి ఊరికే లేచి తిరగడం. లోపల జరిగేది మాత్రం ఎవరికీ కనపడదు.

ఇక్కడే అసలు చిక్కు. ఈ స్థితిలో ఉన్నవాళ్లు డాక్టరు దగ్గర ఏం చెబుతారు? "గాభరాగా ఉంది, నిద్ర లేదు, ఒకచోట ఉండలేకపోతున్నాను" అంటారు. బైపోలార్ ఉన్న మనిషి ఆ మాట అంటే, వినేవాళ్లకి జబ్బు మళ్లీ ఎక్కువవుతున్నట్టే వినపడుతుంది. నా విషయంలోనూ అంతే. నేను చెప్పింది విన్నారు, నా కాళ్ల వైపు చూడలేదు. డోసు 20కి పెంచారు. అకథీసియా తెచ్చిన మందునే పెంచితే ఏమవుతుంది? తర్వాత రోజులు నా జీవితంలో అన్నిటికంటే కష్టమైనవి. చచ్చిపోవాలన్న కోరిక కాదది, ఈ ఒంట్లోంచి ఎలాగైనా బయటపడాలన్న ఆరాటం. కానీ అది మనిషిని తీసుకెళ్లే చోటు మాత్రం అదే. అకథీసియాకీ ఆత్మహత్య ఆలోచనలకీ సంబంధం ఉందని డాక్టర్లకి తెలుసు. ఇంట్లోవాళ్లకి కూడా తెలియాలి. అలాంటి ఆలోచన మొదలైతే ఫాలో-అప్ తేదీ దాకా ఆగకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అర్ధరాత్రి అయినా సరే 14416కి ఫోన్ చేస్తే, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

మా వారు గుంటూరులో ఇంకో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చేసిన పని చాలా చిన్నది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మిషను పని గురించి, మా అమ్మాయి చదువు గురించి కబుర్లు చెబుతూ నా పాదాల వైపే చూశారు. తర్వాత నిలబెట్టి అలాగే మాట్లాడించారు. ఒక్కోటీ రెండు నిమిషాలు. ఆ తర్వాత అడిగారు: "ఏదో ఆలోచన వచ్చి లేస్తున్నారా, లేక మనసులో ఏమీ లేకపోయినా కాళ్లే లేపుతున్నాయా?" నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్లకి ఎవరో ఒకరు సరిగ్గా అదే అడిగారు. అది బార్న్స్ స్కేల్ అనే పద్ధతి, 1989 నుంచి ఉంది, చివరికి 0 నుంచి 5 దాకా ఒక అంకె వేస్తారు. నాకు 4 వేశారు. ఖరీదైన స్కానింగులేవీ అక్కర్లేదు. ఒక కుర్చీ, నాలుగైదు నిమిషాల ఓపిక చాలు.

మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిచేసే చోట్ల ఈ మందులు అడ్డు పడటం వల్ల ఇలా అవుతుందని ఆయన చెప్పారు. ఇదే కోవలోని హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి వాటితోనూ వస్తుంది. అరిపిప్రజోల్ పూర్తిగా అడ్డుపడదు, కొంత అడ్డుకుని కొంత పనిచేయనిస్తుంది. అందుకే ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు వణకడం దీంతో తక్కువ. అకథీసియా మాత్రం తక్కువేమీ కాదు. క్వెటియాపిన్, క్లోజపిన్‌లతో ఈ బాధ అరుదుగా వస్తుందట. నాకు మందు మార్చడం అవసరం కాలేదు.

ఇక ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది నా మట్టుకు.

ట్రైహెక్సీఫెనిడిల్‌ని మన దగ్గర ఇలాంటి మందులతో పాటు చాలామందికి రాసేస్తారు. నాకూ అంతకుముందే రాసి ఉన్నారు. నోరు ఎండిపోయింది, మలబద్ధకం వచ్చింది, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు సరిగ్గా ఆనలేదు. కాళ్ల తొందర మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. వణుకు, బిగుసుకుపోవడం ఉన్నవాళ్లకి అది మంచి మందే. నా బాధకి కాదు.

డోసు తగ్గించడమే అసలు మందు. 20 నుంచి అంచెలుగా 10కి తెచ్చారు. ఇక్కడ ఒక సంగతి తెలిస్తే మనసు నిబ్బరంగా ఉంటుంది. అరిపిప్రజోల్ ఒంట్లో సగానికి తగ్గడానికే 75 గంటల దాకా పడుతుంది. కాబట్టి ఈ రోజు తగ్గిస్తే రేపు హాయిగా ఉండదు. కొత్త డోసుకి ఒళ్లు సర్దుకోవడానికి రెండు వారాలు ఇవ్వాలి. ఇది చెప్పకపోతే మనిషి మూడో రోజుకే ఆశ వదిలేస్తాడు.

ఆ రెండు వారాలు గట్టెక్కించింది ప్రొప్రనొలాల్. చవకైన పాత మాత్ర, బీపీకి, గుండె దడకి వాడేది. ముందు ఆస్తమా ఉందా అని అడిగారు, నాడి, బీపీ చూశారు, 10 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా మొదలుపెట్టి 20కి పెంచారు. కొద్ది రోజుల్లోనే తేడా తెలిసింది. పూర్తిగా పోలేదు, కానీ అన్నం కూర్చుని తినగలిగాను. మంచం మీద నుంచి గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి, అదొక్కటే ఇబ్బంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇది ఇవ్వరు. వాళ్లకి మిర్టాజపిన్ 15 మిల్లీగ్రాములు లాంటి వేరే దారులున్నాయి, అయితే అది బరువు పెంచుతుంది. క్లోనజిపామ్ అనే గాభరా తగ్గించే మాత్ర రాత్రి పూట కొన్నాళ్లు మాత్రమే ఇచ్చి ఆపేశారు, అలవాటు పడుతుందని. రక్తపరీక్షలో ఇనుము నిల్వలు తక్కువని తేలితే దానికీ మాత్రలిచ్చారు. అందువల్ల ఎంత తగ్గిందో చెప్పలేను గానీ నీరసం మాత్రం పోయింది.

మందులు కానివి రెండు. నా మిషనుకి మోటారు ఉంది. అది తీయించి మళ్లీ కాలితో తొక్కడం మొదలుపెట్టాను. కాళ్లకి పని దొరికేసరికి నడుము కాసేపు కుర్చీలో నిలిచింది. అలా కుట్టిన జాకెట్లతోనే ఆ నెల ఇల్లు గడిచింది. రెండోది, సాయంత్రం కాలవ గట్టు మీద నడక. దానికి మా వారు తోడొచ్చేవారు. ఎందుకు తిరుగుతున్నావని అడగడం ఆపేసి, పక్కన నడవడం మొదలుపెట్టారు. దీన్ని ఏ మాత్రతోనూ పోల్చలేను.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. అంతా సర్దుకున్నాక ఒకసారి వాంతులై దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు. గంట తిరక్కముందే నేను మంచం దిగి వరండాలో తిరుగుతున్నాను, అచ్చంగా అదే తొందర. వాంతులకి వాడే ఆ మందు కూడా డోపమిన్‌నే అడ్డుకుంటుంది. ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. అసలు మానసిక జబ్బే లేనివాళ్లకి కూడా వీటితో అకథీసియా రావచ్చు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందే చెబుతాను, వాటి బదులు ఓండాన్సెట్రాన్ ఇస్తారు. దాంతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నా ఫైలు మొదటి పేజీలో నాకు ఇవ్వకూడని ఆ మొదటి రెండు మందుల పేర్లు ఎర్ర ఇంకుతో రాయించుకున్నాను.

రాత్రుళ్లు కాళ్లు లాగే జబ్బు వేరు. అది సాయంత్రం నుంచి, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. నాకు పగలంతా ఉండేది, పడుకుంటే కాస్త నయం. ఈ తేడా డాక్టరుకి చెబితే వాళ్ల పని సులువవుతుంది. కొత్తగా ఇలాంటి మందు మొదలుపెట్టిన ఇంట్లో, లేదా డోసు పెంచిన ఇంట్లో, మొదటి రెండు మూడు వారాలు మనిషి కాళ్లని గమనించండి. భోజనం దగ్గర, టీవీ ముందు ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో చూడండి. ఒప్పుకుంటే ఫోన్లో చిన్న వీడియో తీసి డాక్టరుకి చూపించండి. డాక్టరు గది దాకా వచ్చేసరికి ఎవరైనా ఓపిక బిగబట్టి కుదురుగా కూర్చుంటారు, నేనూ అలాగే కూర్చున్నాను. మొదలైన తేదీ, డోసు మారిన తేదీ పక్కపక్కన రాసుకెళ్లండి. నాది ఆ రెండు తేదీలు చూడగానే తేలిపోయింది.

ఇప్పుడు నేను 10 మిల్లీగ్రాముల మీద ఉన్నాను. ప్రొప్రనొలాల్‌ని కూడా ఒక్కసారిగా ఆపకూడదు కాబట్టి మెల్లగా తగ్గించి ఆపారు. జబ్బు తిరగబెట్టలేదు. ఎండాకాలంలో నిద్ర చెడిన రోజుల్లో పిక్కల్లో పాత తొందర లీలగా తెలుస్తుంది, అప్పుడు ఒక చుట్టు నడిచి వస్తాను. డోసు పెంచే మాట ఎప్పుడు వచ్చినా ముందు నన్ను కూర్చోబెట్టి కాళ్లు చూడమని నేనే అడుగుతాను, చూస్తున్నారు.